గేరుబాక్సు చేసిన ఎమీల్ లెవాసోర్ గారి జీవిత కథ

మహనీయుల జీవితాలు అనే ఈ శీర్షికలో ఇంతవరకు అల్లూరి సీతారామరాజు గారి గురించి, కొమురం భీం గారి గురించి, మేరీ క్యూరీ గారి గురించి చదివాము. ఈసారి రాసే వంతు నాది. నేను గేరుబాక్సు చేసిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఎమీల్ లెవాసోర్. ఆయనది ఫ్రాన్సు దేశం. ఆయన చనిపోయి 125 ఏళ్ళు దాటింది.

గేరుబాక్సు గురించి రాయడానికి ఏముంటుందే అని మా రూములో కొందరు నవ్వారు. కానీ చూడండి, మనం తినే బియ్యం, పప్పు, నూనె లారీలోనే వస్తాయి. ఆ లారీ ఘాటీ ఎక్కి రావాలి. ఎక్కేటప్పుడు గేరు పడకపోతే లారీ వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు గేరు పడకపోతే ఇంకా ప్రమాదం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, లారీ డ్రైవరు. మారేడుమిల్లి నుండి చింతూరు వచ్చే ఘాటీ రోడ్డులో లోడు తోలుతాడు. అందుకని మా ఇంట్లో క్లచ్, గేరు అనే మాటలు ఉప్పు, కారం లాగా రోజూ వినపడతాయి. మా ఇంట్లో బడికి వచ్చింది మొదట నేనే. సైన్సు సారు ఇచ్చిన పుస్తకం చదివి తెలుసుకున్నవి, మామను అడిగి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

బాల్యం, చదువు

ఎమీల్ లెవాసోర్ గారు 1843 జనవరి 21న పారిస్‌కు దక్షిణాన మరోల్ అనే పల్లెటూరిలో జన్మించారు. పారిస్‌లోని పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో చదివి 1864లో పాసయ్యారు. తరువాత బెల్జియం దేశం వెళ్ళి ఒక పెద్ద యంత్రాల కంపెనీలో పనిచేశారు. అక్కడ ఆయనకు ఎదువార్ సరాజాన్ అనే స్నేహితుడు దొరికాడు. ఈ స్నేహం వలననే ఆయన జీవితం మారింది. అది ముందు ముందు చెప్తాను.

తరువాత ఆయన పారిస్ తిరిగి వచ్చి పెరిన్ అనే ఆయన ఫ్యాక్టరీలో చేరారు. అది మోటారు ఫ్యాక్టరీ కాదు. కర్ర కోసే రంపం మెషీన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. మన వైపు కోత మిల్లులో దుంగలు కోసే బ్యాండు రంపం చూసిన వాళ్ళకు తెలుస్తుంది, అలాంటివి. రెనె పానార్ అనే ఆయన కూడా అందులో భాగస్థుడు. 1886లో పెరిన్ గారు చనిపోయాక ఆ ఫ్యాక్టరీకి పానార్, లెవాసోర్ అని ఇద్దరి పేర్లు కలిపి పెట్టారు. రంపం మెషీన్లు చేసే చోట ఇనుము, ఇరుసు, పళ్ళ చక్రం బాగా తెలిసిన పనివాళ్ళు ఉంటారు. అదే తరువాత పనికొచ్చింది.

లూయీజ్ గారు

ఈ కథలో ఒక ఆడమనిషి ఉంది. ఆమె గురించి చెప్పకుండా లెవాసోర్ గారి గురించి చెప్పలేము.

జర్మనీ దేశంలో గొట్లీబ్ డైమ్లర్ అనే ఆయన పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను చేశారు. ఆ ఇంజనును ఫ్రాన్సులో తయారుచేసే హక్కు సరాజాన్ గారు సంపాదించారు. తయారుచేసే పని స్నేహితుడైన లెవాసోర్ గారి ఫ్యాక్టరీకి అప్పజెప్పారు. పని మొదలవుతుండగానే, 1887 డిసెంబరులో సరాజాన్ గారు చనిపోయారు.

అప్పుడు ఆయన భార్య లూయీజ్ గారు ఇంట్లో కూర్చోలేదు. తానే జర్మనీ వెళ్ళి డైమ్లర్ గారితో మాట్లాడారు. ఫ్రాన్సు హక్కు తన దగ్గరే ఉండేటట్లు చేసుకున్నారు. ఆడవాళ్ళు ఫ్యాక్టరీ వ్యవహారాలు మాట్లాడటం ఆ రోజుల్లో చాలా అరుదు. 1890 మే నెలలో ఆమె, లెవాసోర్ గారు వివాహం చేసుకున్నారు. ఆమె ఆ హక్కు నిలబెట్టకపోతే లెవాసోర్ గారి చేతికి ఇంజను వచ్చేది కాదు. ఇంజను లేకపోతే గేరుబాక్సు దేనికి పెడతారు?

ఆయన పెట్టిన వరుస

ఆ కాలంలో మోటారు బండి అంటే గుర్రబ్బండి కింద ఇంజను కట్టినట్టు ఉండేది. కొందరు ఇంజను సీటు కింద పెట్టేవారు, కొందరు వెనక పెట్టేవారు. వేగం మార్చడానికి తోలు పట్టీలు వాడేవారు. పట్టీ తడిస్తే జారేది.

లెవాసోర్ గారు కూడా మొదట ఇంజను మధ్యలో పెట్టి చూశారు. అది నచ్చక 1891లో ఇంజనును ముందుకు తెచ్చారు. ఇంజను వెనక క్లచ్ పెట్టారు. క్లచ్ వెనక గేరుబాక్సు పెట్టారు. అక్కడి నుండి గొలుసుతో వెనక చక్రాలను తిప్పారు. ముందు ఇంజను, తరువాత క్లచ్, తరువాత గేరు, చివర వెనక చక్రం. ఈ వరుస గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది. ఇప్పటికీ మన ఘాటీ ఎక్కే లారీల్లో ఇదే వరుస. గొలుసు బదులు పొడుగాటి షాఫ్టు వచ్చింది, అంతే తేడా.

ఆ ఏడాది వేసవిలోనే లెవాసోర్ గారు, లూయీజ్ గారు కలిసి ఆ బండిలో పారిస్ నుండి సముద్రం ఒడ్డున ఉన్న ఎత్రెతా అనే ఊరికి వెళ్ళారు. 200 కిలోమీటర్ల పైన దూరం. మనిషి పరిగెత్తినంత వేగమే ఉండేది, కానీ చేరారు.

గేరు ఎందుకు, క్లచ్ ఎందుకు

మనం అడవి నుండి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కేటప్పుడు ఏం చేస్తాం? చిన్న చిన్న అడుగులు వేస్తాం. చదును నేల మీద పెద్ద అడుగులు వేస్తాం. గేరు కూడా అంతే. ఇంజను వైపు ఉన్న చిన్న పళ్ళ చక్రం, పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పితే బండి నెమ్మదిగా పోతుంది కానీ బలం ఎక్కువ వస్తుంది. అది ఫస్టు గేరు. చక్రాల సైజు మారేకొద్దీ వేగం పెరుగుతుంది, బలం తగ్గుతుంది.

మరి ఒక గేరు నుండి ఇంకో గేరుకు ఎలా మారాలి? లెవాసోర్ గారు పళ్ళ చక్రాలను ఇరుసు మీద పక్కకు జరిపే ఏర్పాటు చేశారు. రాడ్ లాగితే ఒక చక్రం జరిగి ఇంకో చక్రం పళ్ళలో దూరుతుంది. ఇక్కడే కష్టం ఉంది. రెండు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. మనం సాయంత్రం ఆడే తాడాట చూడండి. ఇద్దరు తాడు తిప్పుతుంటే మూడో అమ్మాయి లోపలికి దూరాలి. తాడు తిరిగే వేగం చూసుకుని దూకితే లోపలికి పోతుంది. చూసుకోకుండా దూకితే తాడు కాలికి తగిలి పడుతుంది. గేరు పళ్ళు కూడా అంతే. రెండింటి వేగం కలిస్తే లోపలికి పోతాయి. కలవకపోతే గర్ర్ మని కొట్టుకుంటాయి.

క్లచ్ పని ఏమిటంటే, గేరు మార్చేంతసేపు ఇంజనును గేరుబాక్సు నుండి విడదీయడం. విడదీస్తే గేరుబాక్సు మీద ఇంజను ఒత్తిడి ఉండదు. అప్పుడు పళ్ళు దూరడానికి సందు దొరుకుతుంది.

లెవాసోర్ గారి మొదటి గేరుబాక్సుకు మూత కూడా లేదు. చక్రాలు బయటికే కనపడేవి, దుమ్ము పడేది. తరువాత వాటిని పెట్టెలో మూసి నూనె పోశారు. అందుకే దానికి గేరుబాక్సు అని పేరు. అది మోటుగా ఉందని ఆయనకూ తెలుసు. మోటైనా బండి నడుస్తుంది కదా అని ఆయన అనేవారని చెబుతారు. లారీ గేరు బిగుసుకుపోవడం అనే బాధ ఆ రోజునే పుట్టింది. ఆ బాధను వెతికి పట్టుకునే దారి కూడా ఆయన పెట్టిన వరుసలోనే ఉంది.

వరుస తప్పకుండా వెతకడం

ఇది మా మామకు జరిగింది. ఒక వర్షాకాలంలో మామ తోలే లారీకి గేరు బిగుసుకుంది. ఫస్టు గేరు వేయాలంటే రెండు చేతులతో నెట్టాల్సి వచ్చేది. రివర్సు వేస్తే గర్ర్ మనేది. ఒక షెడ్డుకు తీసుకుపోతే అక్కడి మేస్త్రీ కిందకి వంగి చూడకుండానే గేరుబాక్సు దింపాలి, పళ్ళు పోయాయి అన్నాడు. ఓనరుకు కోపం వచ్చింది. డ్రైవరు మొరటుగా గేరు వేసి పాడుచేశాడు, ఖర్చు జీతంలో పట్టుకుంటా అన్నాడు. ఆ ఖర్చు మామకు కొన్ని నెలల జీతం. ఇంట్లో అత్త, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. అందరూ ఆ జీతం మీదే బతకాలి.

మామ చదువుకోలేదు. కానీ క్లీనరుగా ఉన్నప్పుడు ఒక పెద్ద డ్రైవరు దగ్గర నేర్చుకున్న పద్ధతి ఉంది. లారీని చదును చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగి ఉండగా క్లచ్ తొక్కి ఒక్కొక్క గేరు వేసి చూశాడు. అన్ని గేర్లూ వెన్నలో కత్తి దిగినట్టు పడ్డాయి. మళ్ళీ ఇంజను స్టార్టు చేసి వేశాడు. గేరు పడలేదు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. గేరుబాక్సు లోపల పళ్ళో, రాడ్డో పాడై ఉంటే ఇంజను ఆపినా గేరు బిగువుగానే ఉండాలి. ఇంజను తిరుగుతున్నప్పుడే కష్టం అంటే, క్లచ్ తొక్కినా అది పూర్తిగా వదలడం లేదు. ఇంజను గేరుబాక్సును ఇంకా కొంచెం కొంచెం తిప్పుతూనే ఉంది. తిరిగే తాడులోకి ఎవరు దూరగలరు?

తరువాత మామ క్లచ్ పెడలును మూడు నాలుగుసార్లు టకటకా తొక్కి గేరు వేశాడు. ఈసారి పడింది. అంటే క్లచ్ ఆయిలు లైనులోకి గాలి దూరింది, ఒత్తిడి చాలడం లేదు. కిందికి దూరి చూస్తే క్లచ్ సిలిండరు దగ్గర ఆయిలు కారి తడిగా ఉంది. అందులో రబ్బరు వాషర్లు మార్చి, ఆయిలు పోసి, గాలి తీసేస్తే గేరు మామూలుగా పడింది. గేరుబాక్సు దింపే పనే లేకపోయింది. ఓనరు తానే నడిపి చూసుకున్నాడు. మామ జీతం మామకు వచ్చింది.

మామను అడిగి మిగతావి కూడా రాసుకున్నాను. మన అన్నలు, నాన్నలు చాలామంది ఆటోలు, జీపులు, ట్రాక్టర్లు తోలుతున్నారు కాబట్టి పనికొస్తాయి. ఇంజను ఆపినా గేరు బిగువుగా ఉంటే ముందు బయట ఉన్న గేరు రాడ్డు, దాని జాయింట్లు, బుష్షులు చూడాలి. వంగినా, తుప్పుపట్టినా, అరిగినా గేరు సరిగ్గా పడదు. అవి బాగుంటేనే లోపల చూడాలి. ఒక్క గేరు మాత్రమే బిగువు, మిగతావి బాగున్నాయి అంటే ఆ గేరుకు సంబంధించిన ముక్కే పోయి ఉంటుంది. పొద్దున చలిలో బిగువుగా ఉండి బండి వేడెక్కాక బాగుంటే గేరు ఆయిలు చూడాలి. ఆ బండికి చెప్పిన రకం కాక మరీ చిక్కటిది పోశారేమో. క్లచ్ పెడలు సగం దాకా ఉత్తుత్తినే దిగిపోతుంటే దాన్ని సరిచేయాలి. ఏదైనా సరే, బలంగా నెట్టడం మందు కాదు. నెట్టితే నిజంగానే పళ్ళు పోతాయి.

ఇంకోటి ఘాటీ గురించి. దిగుడు మొదలవకముందే, పైన ఉండగానే చిన్న గేరు వేసుకోవాలి. సగంలో వేగం పెరిగాక చిన్న గేరు పడదు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడం మహా ప్రమాదం. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టవు.

1895 పందెం

మళ్ళీ లెవాసోర్ గారి దగ్గరికి వద్దాం. మోటారు బండి దూరం పోలేదు, దారిలో ఆగిపోతుంది అని జనం అనుకునే రోజులవి. 1895 జూన్‌లో పారిస్ నుండి బోర్డో నగరం దాకా వెళ్ళి తిరిగి రావాలని పందెం పెట్టారు. రానూ పోనూ 1178 కిలోమీటర్లు. అప్పటికి లెవాసోర్ గారికి 52 ఏళ్ళు. బండికి ఇప్పటిలా గుండ్రటి స్టీరింగు లేదు, చేత్తో పట్టుకుని తిప్పే కర్రలాంటిది ఉండేది. రాత్రి దీపం వెలుగులో తోలాలి.

రుఫెక్ అనే ఊరిలో ఆయన దిగిపోయి ఇంకో డ్రైవరు ఎక్కాలని ఏర్పాటు. కానీ ఆయన అనుకున్న టైము కంటే చాలా ముందే, రాత్రిపూటే అక్కడికి చేరారు. ఆ డ్రైవరు నిద్రపోతున్నాడు. ఆగితే ఆలస్యమని తానే తోలుకుంటూ వెళ్ళిపోయారు. బోర్డో చేరి, వెంటనే తిరుగు దారి పట్టారు. మొత్తం 48 గంటల 48 నిమిషాలలో పారిస్ చేరారు. సగటున గంటకు 24 కిలోమీటర్లు. రెండోవాడు వచ్చింది ఆయన వచ్చిన సుమారు ఆరు గంటల తరువాత. అన్ని గుట్టలు, అన్ని మలుపులు, అన్నిసార్లు గేరు మార్చి కూడా ఆయన గేరుబాక్సు ఆగలేదు.

కానీ మొదటి బహుమతి ఆయనకు ఇవ్వలేదు. రెండు సీట్ల కంటే ఎక్కువ ఉన్న బండికే మొదటి బహుమతి అని నియమం. ఆయనది రెండు సీట్ల బండి. సుమారు 11 గంటలు ఆలస్యంగా వచ్చిన నాలుగు సీట్ల పెజో బండికి మొదటి బహుమతి వెళ్ళింది. నాకు ఇది చదివినప్పుడు అన్యాయం అనిపించింది. అయినా ముందు వచ్చిందెవరో లోకానికి తెలుసు. ఇప్పుడు ఆ పందెం అంటే అందరూ లెవాసోర్ గారి పేరే చెప్తారు.

చివరి రోజులు

1896లో పారిస్ నుండి మార్సెయ్ వెళ్ళి వచ్చే పందెం జరిగింది. దారిలో అవిన్యోన్ ఊరి దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి బండి తిరగబడింది. లెవాసోర్ గారు ఎగిరి పడ్డారు. లోపల దెబ్బలు గట్టిగా తగిలాయి. ఆయన పూర్తిగా కోలుకోలేదు. అయినా ఫ్యాక్టరీలో పని మానలేదు. 1897 ఏప్రిల్ 14న పారిస్‌లో మరణించారు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్ళు. 1895 పందెం ముగిసిన పోర్ట్ మయో అనే చోట 1907లో ఆయన జ్ఞాపకంగా రాతిలో శిల్పం పెట్టారు. అందులో ఆయన తన బండి మీద వస్తున్నట్టు చెక్కారు.

ఆయన తరువాత

గేరు సులువుగా పడటం ఆయన చూడలేదు. 1898లో అదే దేశానికి చెందిన లూయీ రెనో అనే యువకుడు పెద్ద గేరులో ఇంజను నుండి చక్రానికి తిన్నగా బలం వెళ్ళే పద్ధతి చేశాడు. 1928లో అమెరికాలో ఎర్ల్ థామ్సన్ గారు చేసిన సింక్రోమెష్ కాడిలాక్ కార్లలో వచ్చింది. అది పళ్ళు కలవకముందే రెండు చక్రాల వేగాన్ని సమానం చేస్తుంది. తాడాటలో దూకే అమ్మాయిని తాడు వేగానికి తగ్గట్టు ముందే ఊపి పంపినట్టు. అది లేని పాత లారీల్లో డ్రైవర్లు క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, మధ్యలో ఆక్సిలేటరు ఇచ్చి, తమ చెవితో విని వేగం కలిపేవారు. మామకు నేర్పిన పెద్ద డ్రైవరు అలా తోలినవాడే.

లూయీజ్ గారు వెళ్ళి మాట్లాడిన డైమ్లర్ గారి కంపెనీ 1926లో బెంజి కంపెనీతో కలిసింది. 1954లో ఆ కంపెనీతో కలిసి టాటా వాళ్ళు జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. వాటినే మన పెద్దవాళ్ళు టాటా బెంజి లారీ అనేవాళ్ళు. ఆ విధంగా ఆ కథ మన ఘాటీ రోడ్డు దాకా వచ్చింది. ఇప్పుడు గేరు తనంతట తానే మారే లారీలు కూడా వచ్చాయి. అయినా మన వైపు ఎక్కువగా చేత్తో గేరు వేసే లారీలే తిరుగుతున్నాయి.

మనం నేర్చుకోవలసినది

ఒక పని కుదరకపోతే బలంగా నెట్టడం, లేకపోతే ఎవరో ఒకరి మీద తప్పు వేయడం చాలామందికి అలవాటు. లెవాసోర్ గారు యంత్రాన్ని ఒక వరుసలో పెట్టారు. ఆ వరుసలో ఒక్కొక్కటి చూసుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. క్లచ్ తప్పుకు గేరుబాక్సును విప్పకూడదు. యంత్రం తప్పుకు మనిషి జీతం కోయకూడదు. లెక్కల్లో ఆన్సరు రాకపోతే మేడం ఏ మెట్టు దగ్గర తప్పిందో చూడమంటారు కదా, ఇదీ అంతే.

ఇంకొక మాట. లూయీజ్ గారు జర్మనీ వెళ్ళి మాట్లాడినట్టే మనలో కూడా ఎవరైనా ఇంజనీర్లు కావచ్చు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ కోర్సు ఉందని, అమ్మాయిలు కూడా చేరవచ్చని సైన్సు సారు చెప్పారు. పదో తరగతి అయ్యాక దానికి పరీక్ష రాయాలట. నేను రాస్తాను. నాతో ఎవరు రాస్తారో నాకు చెప్పండి, కలిసి చదువుకుందాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని